నసూహ్ చేసింది న్యాయమేనా?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నవలలు వ్రాసే మా బోటివాళ్ళకు సభల్లో ఎదురయ్యే ప్రశ్నలు రెండు రకాలు. "ఈ కథ నిజంగా జరిగిందా?" అన్నది మొదటి రకం. దానికి నవ్వి ఊరుకున్నా సరిపోతుంది. రెండవ రకం అంత సులువు కాదు. "ఆ తండ్రి చేత అట్లాంటి పని ఎందుకు చేయించారండీ? మీకది న్యాయంగానే తోచిందా?" అని నిలదీస్తారు. అడిగేవారికి ఆ పాత్ర కాగితం మీది బొమ్మ కాదు, పక్కింటి మనిషి. వారికి మేమేం జవాబు చెప్పాలి? ఈ సంగతిని మా సొంత పుస్తకాలతో కాక, మా అందరికంటే పెద్దవాడైన ఒక రచయిత పుస్తకంతో మనవి చేస్తాము.

ఆయన డిప్యూటీ నజీర్ అహ్మద్. ఢిల్లీ కాలేజీలో చదువుకున్నారు. భారత శిక్షాస్మృతిని ఉర్దూలోకి తెచ్చినవారిలో ఒకరు. తన కూతుళ్ళు చదువుకోవడానికి తగిన పుస్తకం లేదని తానే కొంత కొంతగా వ్రాసి ఇచ్చిన కథ 'మిరాతుల్ ఉరూస్' 1869లో అచ్చయింది, ప్రభుత్వం వారి వెయ్యి రూపాయల బహుమతి పొందింది. 1877లో సాలార్‌జంగ్ పిలుపు మీద మన హైదరాబాదుకే వచ్చి నిజాం కొలువులో పనిచేశారు. 1912లో కాలం చేశారు. ఇక్కడికి రాకముందు, 1874 ప్రాంతంలో, ఆయన వ్రాసిన నవలే 'తౌబతున్నసూహ్', అంటే నసూహ్ పశ్చాత్తాపం.

కథ చాలామంది పెద్దలకు తెలిసిందే. ఢిల్లీలో కలరా చెలరేగుతుంది. నసూహ్ అనే గృహస్థు ఆ జబ్బుతో మంచాన పడి, పరలోకంలో తండ్రి లెక్క అప్పగించవలసి వచ్చినట్లు కలగంటాడు. బ్రతికి లేచాక తాను మారడమే కాదు, ఇల్లంతా మారాలని పట్టుబడతాడు. భార్య ఫహ్మీదా తోడు నిలుస్తుంది. చిన్నవాళ్ళు దారికి వస్తారు. పెద్ద కొడుకు కలీం మాత్రం రాడు. అతనికి కవిత్వమంటే ప్రాణం, స్నేహితులంటే ప్రాణం. తండ్రి పిలిస్తే వెళ్ళడు. తల్లి ఎంత బతిమాలినా వినడు. ఇంత పెద్దవాణ్ణయ్యాక ఇప్పుడు కొత్తగా దిద్దడమేమిటని అతని వాదం. చివరికి ఇల్లు విడిచిపోతాడు. నసూహ్ కొడుకు గదుల్లోకి వెళ్ళి, అక్కడున్న పుస్తకాలను తగలబెట్టిస్తాడు. కలీం నమ్మిన స్నేహితుడి చేతిలో మోసపోయి, పరాయి ఊళ్ళు తిరిగి, గాయపడి వచ్చి, పశ్చాత్తాపంతో ప్రాణం విడుస్తాడు.

రచయిత తీర్పు స్పష్టంగానే ఉంది కదా? తండ్రిది ఒప్పు, కొడుకుది తప్పు. అయినా నూట యాభై ఏళ్ళ తర్వాత కూడా చదువరులు ఆ తీర్పుతో తృప్తిపడలేదు. "నసూహ్ చేసింది న్యాయమేనా?" అని అడుగుతూనే ఉన్నారు. ఇన్నాళ్ళు పిల్లల్ని పట్టించుకోని తండ్రికి, ఒక్క కలతో మారిన తండ్రికి, కొడుకు ఒక్క పూటలో మారాలని అడిగే హక్కు ఉందా? పుస్తకాలు కాలిస్తే మనసు మారుతుందా?

ఈ ప్రశ్నలు ఎక్కడినుండి వచ్చాయి? బయటినుండి కాదు, ఆ నవలలోనుండే వచ్చాయి. పిల్లలు చెడడానికి తానే కారణమని నసూహ్ భార్య దగ్గర ఒప్పుకుంటాడు. ఆ మాట అతని నోట పలికించినది రచయితే. ఇంకొక సంగతి చూడండి. చిన్నవాడు సలీం మారింది ఒక ముసలమ్మనూ ఆమె మనవల మంచి నడవడినీ చూసి. నయీమాకు తల్లి చేతి చెంపదెబ్బతో కోపమే వచ్చింది, ఖాలా కూతురు సాలిహా స్నేహంతో మార్పు వచ్చింది. ఆ ఇంట్లో మంట చూసి మారినవారు ఒక్కరూ లేరు! రచయిత తీర్పు ఒకటి, ఆయన పుస్తకం ఇచ్చే సాక్ష్యం ఇంకొకటి. చట్టం తెలిసిన మనిషి కాబట్టి, తనకు నచ్చని పక్షం వాదననూ రికార్డు చేశారు. ఆయన గొప్పతనం అక్కడే ఉందని మేమనుకుంటాము. విధి విచిత్రం ఏమంటే, 1908లో వెలువడిన ఆయన సొంత పుస్తకం ఒకదాని మీద తీవ్రమైన అభ్యంతరాలు లేచి, దాని ప్రతులను కూడా తగలబెట్టారు.

ఇక మా జవాబుకు వస్తాము. "పాత్ర మా మాట వినలేదండీ, దాని ఇష్టం వచ్చినట్లు నడిచింది" అనడం తప్పించుకోవడమే. కలం మా చేతిలోనే ఉంది. "కథే కదా, ఎందుకంత పట్టింపు" అనడం ఇంకా అన్యాయం. ఎందుకంటే ఒక కుర్రవాడు లేచి నసూహ్ సంగతి అడిగినప్పుడు, వాడు అడిగేది చాలాసార్లు నసూహ్ సంగతి కాదు, తన తండ్రి సంగతి. పదేళ్ళు గల్ఫులో ఉండి తిరిగివచ్చిన తండ్రి, వచ్చిన వారానికే కొడుకు సెల్‌ఫోను నేలకేసి కొట్టిన ఇళ్ళు మనలో లేవా? అట్లాగే, బిడ్డ పాడైపోతున్నాడని నిద్రపట్టక అల్లాడే తండ్రులు మనలో లేరా? ఆ తండ్రి భయమూ నిజమే, ఆ కొడుకు రోషమూ నిజమే.

కాబట్టి మేము చేయగలిగింది ఒక్కటే. ఇద్దరి మాటలనూ పూర్తిగా వినిపించాలి. మాకు నచ్చనివాడి నోట మాటలు మింగేయకూడదు. తీర్పు మీకు ఒప్పుకాకపోతే మాతో పోట్లాడండి, సంతోషమే. కానీ ఆ పోట్లాట సభతోనే ఆగిపోకూడదు. దస్తర్‌ఖాన్ చుట్టూ అందరూ కూర్చున్నప్పుడు, నసూహ్ సంగతి ఒకసారి ఎత్తండి. మొదట కొడుకును మాట్లాడనివ్వండి. ఆ తర్వాత తండ్రి చెప్పేది కొడుకు కూడా వింటాడు. ఇంట్లో నేరుగా అనుకోలేని మాటలను పాత్రల పేరు పెట్టి అనుకోవచ్చు. కథలకున్న ఉపయోగాల్లో ఇది చిన్నదేమీ కాదు.