నడుము నొప్పియు, కదలిక యందలి భయమును



ముప్పది యేండ్లు బడిపంతులుగా నుండి పిల్లలకు రజ్జుసర్పభ్రాంతిని గూర్చి బోధించితిని. చీకటిలో త్రాటిని జూచి పామని బెదరిన వాని గుండెదడ నిజమే, చెమట నిజమే. పాము మాత్రము లేదు. ఇంత చెప్పిన నేనే, ఉద్యోగమునుండి విశ్రాంతి గొన్న యేట, అట్టి త్రాటికి బెదరి మంచమెక్కితిని. ఆ కథయే నేటి ప్రసంగము.

ఒకనాటి యుదయమున నూతికడ నీళ్లబిందె నెత్తబోగా నడుము పట్టివేసినది. మొదటి వారము బాధ సహజమే. కాని నెలలు గడచినను నేను లేవలేదు. వెన్నునకు దీయించిన పటమును జూచి యొక వైద్యుడు "పూసల నడుమ మెత్తలు అరిగినవి, వంగరాదు, బరువెత్తరాదు" అనెను. "అరిగినవి" అను నా మాట నా చెవిని వీడలేదు. వంగినచో వెన్ను విరుగునని తలచి, చెప్పులు తొడుగుటకును ఇల్లాలినే పిలిచితిని. చెరువుగట్టునకు పోవుట మానితిని. పంక్తిలో గూర్చుండుట మానితిని. కదలిక తగ్గెను గాని తిండి తగ్గలేదు. రెండేండ్లలో 74 కిలోల బరువు 91 కిలోలయ్యెను. బరువుచే ఆయాసము, ఆయాసముచే మరింత భయము, భయముచే మరింత శయనము. ఈ వలయమునకు తుద గానరాలేదు.

ఈ భయమునకు వైద్యశాస్త్రమున 1990లో కైనెసియోఫోబియా యని పేరిడిరి, అనగా కదలికాభీతి. దానిని గొలుచుటకు 17 వాక్యముల ప్రశ్నావళియు గలదు. మూడు నెలలకు మించిన నొప్పిని దీర్ఘకాలికమందురు. అందు నొప్పి యెంతయో గాయమంతయే యుండునను నియమము లేదు. నరములు అతిజాగరూకములై చిన్న కదలికకే కేకపెట్టును. అరుగుదల యన్ననో, నొప్పి యెరుగని వృద్ధుల పటములందు సైతము తరచుగా గానవచ్చును. నెరసిన వెండ్రుకల వంటిదే యది. కదలనిచో కండలు క్షీణించును, కీళ్లు బిగియును. 1995లో ఫిన్లండు దేశమున ప్రకటితమైన పరీక్షలో, క్రొత్తగా నడుము పట్టినవారిలో మంచము పట్టినవారికంటె, ఓపినంతవరకు నిత్యకృత్యములు సాగించినవారే త్వరగా కోలుకొనిరి.

నాకు దారి చూపినది పట్టణమందలి యొక ఫిజియోథెరపిస్టు, నా కుమార్తె యీడుది. ఆమె నా నడుము చూడకముందే "మాస్టారూ, మీకు దేని భయము?" అని యడిగెను. "వంగుట" యంటిని. ఎత్తైన బల్లపై చెంబునుంచి తీయుమనెను. తీసితిని, నొప్పి కలిగెను, వెన్ను విరుగలేదు. వారమువారము ఎత్తు తగ్గించెను. తుదకు చెంబు నేలపై నుండెను. నడకయు నట్లే: మొదట వీధిగుమ్మము, పిదప రచ్చబండ, పిదప చెరువుగట్టు. నొప్పి హెచ్చిన దినమున దూరము తగ్గింతునే గాని మానను. బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెనన్న సుశ్రుతుని మతము నాకప్పుడు బోధపడినది.

నొప్పి పూర్తిగా పోయెనని చెప్పను. బరువును ఆరు కిలోలే తగ్గెను. కాని మొన్న మాఘమాసమున మేనకోడలి వివాహమందు పంక్తిలో నేలపై గూర్చుండి భుజించి, ఎవరి చేయియు పట్టక లేచితిని. ఇల్లాలు వడ్డన మాని నావంకనే చూచుచుండెను.

ఒక హెచ్చరిక. క్రిందపడిన పిదప గలిగిన నొప్పి, జ్వరముతోడి నొప్పి, కారణము లేక చిక్కిపోవుట, కాళ్లు పట్టుతప్పుట, తొడల నడుమ తిమ్మిరి, మలమూత్రములు స్వాధీనము తప్పుట—ఇవి త్రాడు కాకపోవచ్చును. నిజముగా పామే కావచ్చును. తక్షణమే ఆసుపత్రికి పొండు.

తక్కినవారు దీపము పట్టి చూచుకొనుడు. మీ యింట మంచమునంటిన వారికి దయతోనైనను "కదలకుము" అని చెప్పకుడు; చేయూతనిచ్చి వీధిగుమ్మము వరకైనను నడిపింపుడు. మరునాడు వారే మరి రెండడుగులు వేయుదురు.