పాత గోడకు కొత్త ప్లగ్గు

ఇల్లు కట్టించునాడు ఏ గదిలో ఎన్ని ప్లగ్ పాయింట్లు కావలసివచ్చునో ఎవరును సరిగా ఊహింపలేరు. గదికొకటి చాలుననుకొందుము. పిమ్మట మిక్సీ వచ్చును, ఫ్రిజ్ వచ్చును, బట్టలుతుకు మిషను వచ్చును. గోడ మాత్రము నాటి గోడయే. అంతట పక్కగదినుండి గడప మీదుగా ఒక పొడుగు వైరు బయలుదేరును. తలుపు వేసినప్పుడెల్ల అది నలుగుచుండును. మా ఇంటను రెండేండ్లు ఈ విధముగనే జరిగినది.

కొత్త పాయింటు పెట్టించుట పెద్ద పని కాదు. కాని ఇంటివారు స్వయముగా చేయదగిన పనియు కాదు. బల్బు మార్చవచ్చును, చెడిన స్విచ్చి స్థానమున అటువంటిదే మరియొకటి బిగించుకొనవచ్చును. ఉన్న వైరింగునకు కొత్త శాఖ చేర్చుటను మాత్రము లైసెన్సుగల వారిచేతనే చేయింపవలెనని 1956 నాటి విద్యుచ్ఛక్తి నిబంధనలలోనే ఉన్నది. 2023 నిబంధనలును ఆ మాటనే చెప్పుచున్నవి. అయినను చేయించువారికి పని తెలిసియుండిన మేలు.

ముందుగా ఆ ప్లగ్గున ఏమి తగిలింతురో నిశ్చయించుకొనుడు. మన ఇండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులు. 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు సుమారు 1,380 వాట్లు మోయగలదు. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టెకు అది చాలును. 2,000 వాట్ల గీజరునకు చాలదు. అట్టివానికి 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి వైరు, మెయిను బోర్డునుండి వేరు ఎమ్.సి.బి. కావలెను. దగ్గరనున్న చిన్న ప్లగ్గునుండి వైరు లాగి పెద్ద సాకెట్టు బిగించినచో చూచుటకు అది పెద్దదే, లోని వైరు మాత్రము చిన్నదే. గోడలోపల వేడెక్కుచున్న వైరు పైకి కనబడదు గదా!

ఇక ఎర్తు సంగతి. బట్టల మిషనును తాకినప్పుడు వేళ్ళు జివ్వుమనుచున్నవని మా తల్లిగారు చెప్పుచుండిరి. తడి చేతులవలన అట్లు తోచినదని మేము కొట్టివేసితిమి. కొత్త పాయింటుకై వచ్చిన మేస్త్రీ మెయిను కట్టి, టెస్టరుతో చూచుకొని, ముందుగా పాత సాకెట్టును విప్పి మమ్ము పిలిచెను. ఎర్తు రంధ్రము వెనుక భూమినుండి రావలసిన పచ్చవైరే లేదు. బదులుగా న్యూట్రలు మరనుండి జానెడైన లేని నల్లవైరు ముక్కను దానికి కలిపియున్నారు. మిషను చక్కగా తిరుగును. టెస్టు దీపము పెట్టినను ఎర్తు ఉన్నట్లే వెలుగును. కాని న్యూట్రలు ఎక్కడనైన తెగినచో, మోటారులోనుండి వచ్చిన కరెంటు ఆ ముక్కగుండ మిషను ఇనుప ఒంటికి ఎక్కును. మా ఇంటి స్విచ్చి బోర్డులో న్యూట్రలు మర అప్పటికే సగము వదులైయున్నది. ప్రమాదము జరిగినచో క్షణములో కరెంటు కట్టివేయు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. యును మా ఇంట లేదు. మా తల్లిగారు చెప్పినది అక్షరాల నిజము.

మిషను తిరుగునప్పుడు మా రేడియోలో వినవచ్చు చిటపటలును ఆ మర బిగించిన పిదప ఆగినవి. అంతవరకు మేము వానిని మా కేంద్రమువారి లోపమనియే తలచితిమి!

మూడు కాళ్ళ ప్లగ్గులో పైనుండు లావుపాటి కాలు ఎర్తుది. అన్నిటికంటె ముందు తగులుటకును, అన్నిటికంటె చివర విడుటకును దానిని పొడుగుగా చేసిరి. లోపల దూరలేదని దానిని విరిచివేయువారిని మేము ఎరుగుదుము. సాకెట్టునకు ఎదురుగా నిలిచినచో కుడివైపున ఫేజు, ఎడమవైపున న్యూట్రలు రావలెను. స్విచ్చి ఫేజు మీదనే ఉండవలెను. న్యూట్రలు మీద నుంచినచో స్విచ్చి ఆపినను ప్లగ్గులో కరెంటు మిగిలియుండును.

గోడకు గాడిని నిట్టనిలువుగనో, సమముగ అడ్డముగనో కొట్టవలెను గాని, వైరు కలిసివచ్చునని ఏటవాలుగా కొట్టరాదు. రేపు కేలండరునకు మేకు దించువారు ఏటవాలు వైరు జాడ కనిపెట్టలేరు. స్తంభములను, దూలములను ముట్టరాదు. నాలుగున్నర అంగుళముల గోడలో అడ్డుగాడి వలదు. పైపైన కేసింగు పట్టీలలో వైరు నడిపించుటయే మంచిది. మేము గాడి పూడ్పించి, సిమెంటు బాగుగా ఆరువరకు ఆ లైను కట్టియుంచితిమి. వైరు పోయిన దారిని కాగితముపై గీసి బీరువా తలుపు లోపల అంటించితిమి.

కొత్త ప్లగ్గునకు నిజమైన ఎర్తు వచ్చినది. అయినను మా తల్లిగారు పొడి గుడ్డ పట్టుకొనియే మిషను మూత తీయుచున్నారు.