వేసవి సెలవులు - బ్యాంకు చదువు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పూర్వము కళాశాల విద్యార్థికి వేసవి సెలవులనగా మామిడితోపులు, పెండ్లి పందిళ్లు, గ్రంథాలయమున నవలలు. ఇప్పుడట్లు గాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరము నుండి డిగ్రీ చదువులో మొత్తము పది నెలల ఇంటర్న్‌షిప్ విధిగా చేర్చబడినది. అందులో రెండేసి నెలలు రెండు వేసవులలో జరుగవలెను. వాణిజ్యశాస్త్రము చదువు యువకులు బ్యాంకునకో, సహకార సంఘమునకో పోయి ద్రవ్యవ్యవహారము నేర్వవలసియున్నది. ఆ రెండు నెలలలో కృష్ణా డెల్టా విద్యార్థి నేర్వదగిన దేమి యన్నదే నేటి ప్రసంగ విషయము.

మొదటి వారములలో విద్యార్థికి నిరుత్సాహము కలుగుట సహజము. వోచర్లు వరుసగా పేర్చుట, పాసుపుస్తకములలో పద్దులు ఎక్కించుట, వచ్చినవారికి ఫారములు నింపిపెట్టుట - ఇదియేనా ద్రవ్యశాస్త్రమని అతనికి తోచును. బొంబాయి షేర్ల బజారును తలచుకొని వచ్చినవానికి బల్లకు ఆవల వ్రేలిముద్ర వేయుటకై నిలిచిన ముదుసలి కనబడును. కాని అసలు చదువు అచ్చటనే ఉన్నది.

బందరులో ఈ విద్యకు గట్టి పునాది కలదు. 1923 నవంబరులో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును ఇచ్చటనే నెలకొల్పిరి. నాటి చెల్లింపు మూలధనము లక్ష రూపాయలు. ఆయన వృత్తిచే వైద్యుడు. ఊరి సొమ్ము ఊరి సేద్యమునకు, వర్తకమునకు అందనిచో ప్రాంతము బాగుపడదని గ్రహించినవాడు. అదే పట్టణమున పుట్టిన భారతలక్ష్మీ బ్యాంకు 1964లో దానిలో కలిసెను. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయము చేయబడి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమయ్యెను. పేరు పోయినది, అది పుట్టుటకు కారణమైన అవసరము మాత్రము తీరలేదు.

గుడివాడకు పోయిన విద్యార్థికి రెండవ పాఠము లభించును. అది ధాన్యపు పట్టణము. బియ్యపు మిల్లు యజమాని తన గిడ్డంగిలోని నిల్వపై బ్యాంకు వద్ద అప్పు తెచ్చుకొని, ఎప్పటికప్పుడు నిల్వల పట్టిక దాఖలు చేయును. అధికారి వెంట పోయి బస్తాలు లెక్కించినచో, 75 కిలోల బస్తా కాగితముపై అంకెగా మారు విధము విద్యార్థికి తెలియును. నిల్వ విలువ మొత్తమునకు అప్పు ఈయరు. కొంత భాగము మినహాయింతురు. ధర పడినను, ధాన్యము చెడినను ఆ మినహాయింపే బ్యాంకునకు రక్ష. దానికే మార్జినని పేరు. తరగతిలో వల్లించిన ఆ మాట గిడ్డంగి దుమ్ములో నిలిచినప్పుడు గాని మనసున కెక్కదు.

ఇక దివిసీమ. నాగాయలంక, కోడూరు ప్రాంతములు కాలువల చివర నున్నవి. నీరు ఆలస్యముగా చేరును. సముద్రము చేరువ యగుటచే ఉప్పు బెడద కలదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఆ సీమలో వేలమందిని బలిగొన్నది. ఇట్టి నేలలో సేద్యగానికి అప్పును, బీమాయును ప్రాణాధారములు. అయితే పంట ఋణముల జాబితాను, నిజముగా సేద్యము చేయువారి జాబితాను ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో పేర్లు తరచు కలియవు. భూమి యొకరిది, దుక్కి మరొకరిది. పట్టాదారు పాసుపుస్తకము గలవానికి ఋణము సులభము, కౌలుదారునకు దుర్లభము.

ఆ భేదమును విద్యార్థి లెక్కగట్టి చూడవలెను. పంట ఋణమును గడువులో తీర్చినవానికి ప్రభుత్వ రాయితీలు పోగా పడు వడ్డీ సాలుకు 4 శాతము. ఊరిలో నూటికి నెలకు రెండు రూపాయలనగా సాలుకు 24 శాతము. లక్ష రూపాయలు ఆరు నెలలు వాడుకొన్నచో మొదటివానికి వడ్డీ 2,000 రూపాయలు, రెండవవానికి 12,000. తేడా 10,000 రూపాయలు. యజమానికి కౌలు కొలిచిన పిమ్మట మిగిలిన గింజలనుండియే కౌలుదారుడు దానిని తీర్చవలెను.

బ్యాంకును నిందించుట సులభము. కాని అందున్నది డిపాజిటుదారుల సొమ్ము - పింఛను దాచుకొన్న ఉపాధ్యాయునిది, కూలి దాచుకొన్న వితంతువుది. ఆధారము లేక అప్పిచ్చి అది మునిగినచో వారికి జవాబు చెప్పువారెవరు? అందులకే కౌలుదారులు కొందరు కలిసి ఒకరికొకరు హామీ పడు ఉమ్మడి బాధ్యతా సంఘములు ఏర్పడినవి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చి, 11 నెలల ఒప్పందముపై కౌలుదారునకు కార్డు నిచ్చు పద్ధతి కల్పించినది. దానికి భూయజమాని అంగీకారము ఆవశ్యకము. సంతకము పెట్టినచో భూమి చేజారునేమో యని యజమానులు జంకుదురు. ఆ కార్డు వలన భూమిపై యాజమాన్యపు హక్కు సంక్రమింపదని ఆ చట్టముననే యున్నది. చదివి చెప్పువారే కావలెను.

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని యున్నది. కార్డునకు, ఋణమునకు, బీమాకు వలసిన ఫారములను, తెలుగు వివరణములతో ఒక బల్లపై నుంచవచ్చును. వేసవి శిక్షణ పొందు విద్యార్థి వారమునకు రెండు సాయంత్రములు ఆ బల్లవద్ద కూర్చుండి వచ్చినవారికి తోడ్పడవచ్చును. యజమానిని, కౌలుదారుని ఒకచోట చేర్చి చట్టము చదివి వినిపింపవచ్చును. చదువరాని వానికి చదివి వినిపించుట గ్రంథాలయమునకు క్రొత్త ధర్మము కాదు.

కాలువలకు నీరు వదలక పూర్వమే ఈ పని జరుగవలెను. తొలకరి పడిన పిమ్మట విత్తనము కొరకు, దుక్కి కొరకు చేయిచాపినవాడు వడ్డీ విచారింపజాలడు. విద్యార్థి సమర్పించు నివేదికకు కళాశాల మార్కులు వేయును. ఒక్క కౌలుదారుడైనను ఆ యేడు నూటికి రెండు రూపాయల వడ్డీ తప్పించుకొన్నచో, ఆ చదువు ఊరికిని దక్కినట్లగును.