ఆరుద్ర పురుగు - దాని జ్ఞాతులు



ఆరుద్ర కార్తెలో వాన వెలిసినపిమ్మట ఎర్రని పట్టుకుచ్చువలె గట్లమీద ప్రాకు ఆరుద్ర పురుగును మన పెద్దలందరు నెరుగుదురు. పేరునకు పురుగే గాని, ఎనిమిది కాళ్ళుగల యీ జీవి సాలీళ్ళకు దగ్గరి చుట్టమైన నల్లి జాతిలోనిది. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు ఆరు కాళ్ళే యుండును. అది మిడతల వంటి కీటకముల నంటిపెట్టుకొని, వాని రసమును పీల్చి బ్రదుకును. కడుపు నిండినంతట నేలకు రాలి, మట్టిలో రూపు మార్చుకొని, ఎనిమిది కాళ్ళతో లేచి, చెదలను, పురుగుల గ్రుడ్లను వేటాడి తినును. బాల్యమున పరాన్నభుక్కు, పెరిగినపిమ్మట వేటకాడు!

మంచినీటి తావులలోని నీటినల్లులదియు నిదే వరుస. తూనీగ పొట్టక్రింద ఎర్రని పూసలవలె నంటుకొనియుండునవి వాని పిల్లలే. పెద్దవి నీటిలో దోమల గ్రుడ్లను, పిల్లలను తినును.

మూడవ జ్ఞాతియెడ మనము మెలకువతో నుండవలెను. అది చిగ్గర్ నల్లి. పెద్దది మట్టిలోనే వేటాడుకొనుచు మన జోలికి రాదు. కంటి కానని దాని పిల్ల ఎలుకలను, ఒక్కొక్కప్పుడు గడ్డిలో పనిచేయు మనుష్యులను కరచును. ఆ కాటువలన స్క్రబ్ టైఫస్ అను జ్వరము రావచ్చును. జ్వరముతో చంకలోనో, గజ్జలోనో కాలినట్లు నల్లని పెచ్చు కనబడినచో తక్షణమే వైద్యునికి చూపుడు. పెచ్చు అందరికిని కనబడదు. కావున విడువని జ్వరమును ఉపేక్షింపరాదు. సకాలమున డాక్సీసైక్లిన్ వంటి మందు పడినచో నయమగును, ఆలస్యమైనచో ప్రాణాపాయము. చెరువుగట్ల గడ్డికి పోవువారు కాళ్ళు చేతులు కప్పుకొని పోవుడు. ఇల్లు చేరగనే స్నానము చేసి, బట్టలు మార్చుకొనుడు.

ఆరుద్ర పురుగు మాత్ర మెవరిని కరవదు. బాలురారా, దానిని సీసాలలో బంధింపక పొలమునకే విడువుడు.