గోదావరి పిల్లలకు ఒక నిఘంటువు



చిన్నపిల్లల చదువు గురించి ధవళేశ్వరంలో మాట్లాడుతూ కందుకూరి వీరేశలింగంగారిని తలవకుండా ఉండలేం. ఇక్కడి పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నప్పుడే, 1874లో, ఆయన ఈ ఊళ్లో ఆడపిల్లల బడి తెరిచారు. ‘వివేకవర్ధని’ పత్రికనూ ఆ ఏడాదే మొదలుపెట్టారు. అక్షరాలు నేర్పడం ఒక పని, నేర్చినవాళ్లకు చదువుకోవడానికి ఏదైనా అందించడం ఇంకో పని. ఆయన రెండూ చేశారు. మనం మొదటిది అంతో ఇంతో చేస్తున్నాం, రెండోదాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాం. పుస్తకం చిరిగితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం ఉపాధ్యాయులది. ఆ భయం తీర్చవలసింది అధికారులు.

పిల్ల కూడబలుక్కుని చదివేటప్పుడు జరిగేదేమిటో గమనించండి. ఒక్కో అక్షరం పలుకుతుంది, కలుపుకుంటుంది. కలిపాక వచ్చిన మాట తను ఎప్పుడో విన్నదైతే ముఖం వెలుగుతుంది, తర్వాతి మాటకు వెళుతుంది. విననిదైతే తప్పు చదివానేమోనని మళ్లీ వెనక్కి వస్తుంది. ఇలా నాలుగుసార్లయితే పుస్తకం మూసేస్తుంది. కాబట్టి తొలి వాచకంలో ఉండవలసినవి చెవికి తెలిసిన మాటలు. కొత్త మాటలు వాటి మధ్య ఒకటీ అరా రావాలి.

మన పెద్ద నిఘంటువులు ఈ పిల్ల కోసం పుట్టలేదు. ‘శబ్దరత్నాకరం’ గొప్ప పనే. పక్కనే పిఠాపురం రాజావారి పోషణలో తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువూ అంతే. కానీ దాని వాకిట్లో వాడుకమాట నిలబడే ఉండిపోయింది. వాడుకమాట పనికిరాదన్న ఆ పట్టింపుతో జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు చివరి సంవత్సరాలు రాజమండ్రిలోనే గడిపారు. సవర పిల్లలకు సవరభాషలోనే వాచకాలు తయారుచేసిన మనిషి ఆయన. ఆ భాష ముందు తాను నేర్చుకుని, తర్వాత పుస్తకం రాశారు. ఆ వరుస మనం మరిచిపోయాం.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి ‘మాండలిక వృత్తి పదకోశం’ తొలి సంపుటం వ్యవసాయ పదాలతో వచ్చింది, 1971లో చేనేత పదాలతో రెండోది. రైతులనూ నేతపనివాళ్లనూ అడిగి రాసుకున్న మాటలవి. పండితులు వాడుకునే ఆ సంపదను ఎనిమిదేళ్ల పిల్ల చేతికి ఎలా చేర్చాలన్నదే ఈ సదస్సు ముందున్న అసలు ప్రశ్న అని నా ఉద్దేశం.

ఈమధ్య బడి కిట్లలో పెద్ద తరగతులకు ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు, చిన్న తరగతులకు బొమ్మల నిఘంటువు ఇచ్చారు. మంచి పనే. తెలుగు మాటకు తెలుగులోనే అర్థం చెప్పే చిన్న పుస్తకం కూడా ఆ సంచిలో ఉండాలి. కథలకు ఇప్పుడు మరీ కరువేం లేదు. ‘బాల’, ‘చందమామ’ల కాలం పోయినా, ప్రథమ్ బుక్స్ వారు 2015 నుంచి స్టోరీవీవర్‌లో స్థాయిల వారీగా కథలు ఉచితంగా ఇస్తున్నారు. కరువల్లా మన ఊరి మాటలకే.

ఈ ఊరి సంగతే చూడండి. వరదల కాలంలో ఇక్కడి పిల్లలందరికీ మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకని, రెండోది 13.75కని, మూడోది 17.75కని కంఠతా వచ్చు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని బ్యారేజీ నాలుగు భాగాలూ చెబుతారు. లంక, పాయ, రేవు, తూము, గట్టు, ఏటిగట్టు, పుంత ఇంట్లో రోజూ వినేవే. వీటితో ఒక పఠనకార్డు రాయడానికి ఏ నిధులూ అక్కర్లేదు.

అర్థం రాయడమే కష్టం. ‘లాకు’కు ‘జలమార్గ నియంత్రణ నిర్మాణం’ అని రాస్తే ఆ పిల్లకు ఉన్న తెలివి కూడా పోతుంది. ‘కాలువలో నీళ్లు ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క పల్లంగా ఉన్నచోట పడవను ఎక్కించడానికీ దించడానికీ తలుపులతో కట్టిన తొట్టి’ అంటే చాలు. కింద ఒక వాక్యం, పక్కన ఒక బొమ్మ.

మధ్యాహ్నం ఈ చిన్న నిఘంటువుకు మాటలు రాయడానికి మండలాల వారీగా కూర్చున్నప్పుడు ‘అ’తో మొదలుపెట్టకండి. రేవు దగ్గర మొదలుపెట్టండి, లేదా వరికోత దగ్గర, కొబ్బరి దింపు దగ్గర. రాసిన అర్థాన్ని మీ బడిలో మూడో తరగతి పిల్లకు చదివి వినిపించండి. ‘అంటే ఏంటండీ?’ అని అడిగితే ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాయండి. ఇక మొదటి పత్రం చదవవలసినవారు వేదిక మీదికి రావాలి.