జ్ఞాపకము తప్పిన యంత్రము
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పాఠశాల కంప్యూటరు గదిలోని యొక యంత్రము ఈ సంవత్సరము పలుమారులు ఉన్నట్టుండి ఆగిపోయినది. తెర నీలమగును, తనంత తానే తిరిగి మొదలగును. ఒకనాడు పిల్లలు బొమ్మ గీయుచుండగా, మరియొకనాడు మేము తెలుగు ప్రశ్నపత్రము టైపు చేయుచుండగా నిట్లు జరిగెను. పిల్లవాడెవడో ఏదో నొక్కి పాడుచేసినాడను మాట మొదట పుట్టినది. బాగుచేయువారు యంత్రమునే మార్చవలెననిరి. ఈ రెండు మాటలను నమ్ముటకు ముందు చేయదగిన పరీక్ష యొకటి గలదు. ఇండ్లలో కంప్యూటర్లు గల మీకును అది పనికివచ్చును.

హార్డ్ డిస్కు బీరువా వంటిది. ర్యామ్ అనునది పని చేయునపుడు కాగితములు పరచుకొను బల్ల వంటిది. ఆ బల్లపై ప్రతి యక్షరమును, ప్రతి యంకెయు సున్నలుగను ఒకట్లుగను నుండును. ఒక్క గుర్తు మారిన నేమి మునిగినదందురా? 99 అనగా 64, 32, 2, 1ల మొత్తము. అందు 64నకు గుర్తయిన ఒకటి సున్నయైనచో మిగులునవి 35 మార్కులే! యూనికోడ్ సంకేతములలో మన క, గ లకు భేదము ఒక్క గుర్తు మాత్రమే. అది తారుమారైన ‘కుడి’ కాస్తా ‘గుడి’ యగును.

2003లో బెల్జియము దేశపు స్కార్‌బేక్‌లో ఎన్నికలు జరిగినపుడు ఒక యభ్యర్థికి 4096 ఓట్లు అధికముగా లెక్కకు వచ్చినవి. రాదగినదానికంటె మించుటచేత తప్పు బయటపడెను. పండ్రెండు రెండ్లను హెచ్చించిన వచ్చునది 4096. కావున జ్ఞాపకములో నొక్క గుర్తు మారియుండునని నిపుణులు తలచిరి. యంత్రమాగిపోవుట కొంత మేలే; ఆగక తప్పు వ్రాసికొనుట కీడు.

పరీక్షకు ముందు పిల్లల వ్రాతలను పెన్ డ్రైవులోనికి ఎక్కించుకొనుడు. పాత నకలును మాత్రము చెరపకుడు. చెడిన ర్యామ్‌తో విండోస్‌ను మరల ఎక్కించుట వృథాశ్రమ. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అను పరీక్ష గలదు. మెమ్‌టెస్ట్86 అనునది ఇంకను గట్టిది. దానిని రాత్రియంతయు నడవనిండు. ఒక్క తప్పు కనబడినను ఉపేక్షింపరాదు.

పిదప కరెంటు తీగ ఊడదీసి, లోహమును చేతితో తాకి, ర్యామ్ పలకలను తీయవలెను. గోపాలపురపు ఉప్పుగాలియు తేమయు బరంపురమునకు క్రొత్తవి కావు. పలకల పళ్లను మెత్తని పొడిగుడ్డతో తుడిచి గట్టిగా అమర్చుటతోనే కొన్నిమార్లు నయమగును. కానిచో ఒక్కొక్క పలకనే యుంచి పరీక్షింపవలెను. ఏ స్లాటులోనైనను ఒకే పలక తప్పు చూపినచో దోషము పలకది. ఏ పలకనుంచినను ఒకే స్లాటులో తప్పు వచ్చినచో దోషము మదర్‌బోర్డుది. రెండును కానిచో పవర్ సప్లైని, వేడిమిని చూడవలెను.

మన యంత్రములోని రెండు పలకలలో ఒకటి రెండు స్లాట్లలోను తప్పినది. దానిని మాత్రమే మార్చితిమి. డీడీఆర్3 స్థానమున డీడీఆర్4 పట్టదు గనుక కొనునపుడు పాతదానిని వెంట తీసికొనిపోవుడు. బిల్లు దాచుడు, వారంటీ యుండవచ్చును.

ఏ పిల్లవాని తప్పును లేదని తేలినది. ఆ యంత్రములో ఎక్కించిన మార్కులను మా యుపాధ్యాయులు చేతివ్రాత రిజిస్టరుతో ఒక్కొక్కటిగా సరిచూచుచున్నారు. అందుచేత ప్రగతి పత్రములు ఈసారి పది దినములు ఆలస్యముగా మీ కందును.