దీపాలదిన్నె
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్య విషయము గాదు. మన సముద్రపుగాలికి కాగితము త్వరగా చెమ్మబట్టును. తుపాను వచ్చిన దినములలో ఎవరి ఇంటికప్పు వారు చూచుకొనుటయే కష్టము. అట్టిచోట బీరువాలోని పుస్తకములను ఎండబెట్టి, అట్టలువేసి, చెదలు పట్టకుండ ఇంతకాలము కాచినవారికి ముందుగా నా కృతజ్ఞతలు. కాచుట అను ఆ పనిని గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. అందుకై మిమ్ములను కొంతసేపు కృష్ణాతీరమునకు, అమరావతికి తోడ్కొనిపోవుదును. అది మనకు దూరపుచోటే. అయినను ఆ కథలో మన నెల్లూరి తిక్కన సోమయాజిగారి పేరు చేరియున్నది. కనుక దానిని విచారించు బాధ్యత మనకును కలదు.

అమరావతి ప్రక్కనున్న ధరణికోటయే పూర్వపు ధాన్యకటకము. అచ్చట క్రీస్తు పుట్టుటకు పూర్వమే బౌద్ధుల మహాచైత్యమొకటి వెలసెను. దానిచుట్టు భిక్షువుల విహారములు లేచెను. చైత్యమును చుట్టియున్న రాతికటకటాల అడ్డుకొలత సుమారు 192 అడుగులు. ఆ రాళ్లపై దాతల పేర్లు చెక్కియున్నవి. వారందఱు రాజులని తలంపకుడు. వర్తకులున్నారు, గృహిణులున్నారు, భిక్షుణులున్నారు. సుగంధద్రవ్యములమ్మువాడొకడు, తోలుపని చేయు విధికుడను వాడొకడు కూడ తమ శక్తికొలది రాళ్లిచ్చి పేరు నిలుపుకొనిరి. నేడు మన గ్రంథాలయమునకు పుస్తకమొకటి, కుర్చీయొకటి ఇచ్చినవారి పేర్లు గోడమీద వ్రాసినట్లే యనుకొనుడు.

క్రీ.శ. 7వ శతాబ్దమున చీనాయాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ ఈ సీమకు వచ్చునప్పటికే అనేక సంఘారామములు పాడుపడియుండెను; కొన్ని మాత్రమే జనముతో నిలిచియుండెను. ఆ మిగిలినవి పిమ్మట ఏమైనవి? వివాదమంతయు ఈ ప్రశ్నయందున్నది.

మనలో వ్యాపించిన కథ యిది. కాసె సర్వప్ప రచించిన సిద్ధేశ్వర చరిత్రములో, మనుమసిద్ధి రాజ్యము కోల్పోగా తిక్కన సోమయాజి ఓరుగల్లునకు వెడలి, గణపతిదేవుని సభలో బౌద్ధులను జైనులను వాదమున ఓడించెననియు, అంతట రాజు వారిని శిక్షించి వారి నెలవులను పాడుచేయించెననియు ఉన్నది. ఈ కథ విని కొందఱు గర్వించుచున్నారు. కొందఱు మన కవిబ్రహ్మను నిందించుచున్నారు. గర్వించువారును నిందించువారును ఒక్కమాట మఱచుచున్నారు. ఆ గ్రంథము తిక్కనగారి కాలమునాటిది గాదు. కాకతీయ రాజ్యము కూలిన తరువాత పుట్టినది.

ఇక రాళ్లు ఏమి చెప్పుచున్నవో వినుడు. అమరావతిలోని అమరేశ్వరస్వామి ఆలయమున ఒక స్తంభముపై 1182వ సంవత్సరపు శాసనమున్నది. ధాన్యకటకమును ఏలిన కోట కేతరాజు బుద్ధదేవునకు మూడు గ్రామములను, అఖండదీపములను ఇచ్చినట్లు అందున్నది. ఆ శాసనమే ఊరిలోని అమరేశ్వరుని కొనియాడి, చెంతనున్న ఉన్నత చైత్యమును కూడ కొనియాడుచున్నది. శివుని స్తంభముపై బుద్ధుని దీపము! మఱల 1234లో నతవాడి రుద్రరాజు కుమార్తె బయ్యల బుద్ధదేవునకు అఖండదీపము నిచ్చెను. అప్పటికి ఓరుగల్లును ఏలుచున్నవాడు ఆ గణపతిదేవుడే. ఆయన ఏలుబడి 1199 మొదలు 1262 వఱకు. అంతేకాదు, ఆయన తన కుమార్తె గణపాంబను ఈ కోటవంశమువాడైన బేతరాజునకే ఇచ్చి వివాహము చేసెను.

ఓరుగల్లు వాదము 1234 తరువాత జరిగియుండవచ్చును గదా యని ఎవరైన అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దానికి సింహళదేశము నుండి సమాధానము వచ్చుచున్నది. అచ్చట క్యాండీ పట్టణమునకు చేరువనున్న గడలాదెణియ విహారమున 1344వ సంవత్సరపు శాసనము గలదు. ధర్మకీర్తి యను స్థవిరుడు ధాన్యకటకమున రెండంతస్తుల బుద్ధప్రతిమాగృహమును జీర్ణోద్ధారణ చేయించెనని అది తెలుపుచున్నది. గణపతిదేవుని ఏలుబడి ముగిసి ఎనుబదియేండ్లు దాటినది. కాకతీయ రాజ్యము 1323లోనే ముగిసినది. అప్పటికిని సముద్రముదాటి వచ్చి బాగుచేయదగిన బుద్ధాలయము ధాన్యకటకమున మిగిలియుండెను.

మరమ్మతు అవసరమైనదన్న, క్షీణదశ వచ్చినదని ఒప్పుకొనవలసినదే. కాని క్షీణించుట వేఱు, కూల్చబడుట వేఱు. ఒక్కదినమున ఒక్క వాదముతో ఆ విహారము నేలపాలైనదని చెప్పుటకు ఈ శాసనములు అంగీకరింపవు. దాతలు తగ్గిరి, భిక్షువులు తగ్గిరి, దీపము కొండెక్కెను, మట్టి కప్పెను. పిమ్మట ఆ దిబ్బను జనులు “దీపాలదిన్నె” యని పిలిచిరి. బుద్ధుని మఱచిరి గాని దీపమును మఱువలేదు.

ఇప్పుడు రెండవ వివాదమునకు వత్తము. మట్టిక్రింద శతాబ్దముల తరబడి భద్రముగానున్న రాళ్లను పాడుచేసినదెవరు?

18వ శతాబ్దపు చివర జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు చింతపల్లి విడిచి, కృష్ణయొడ్డున అమరావతి పట్టణమును కట్టించెను. కట్టడములకు ఇటుక, రాయి కావలెను. పనివాండ్రు దీపాలదిన్నెను త్రవ్విరి. వెలువడిన పలకలు కొన్ని గోడలలోనికి, మెట్లలోనికి పోయెను. కొన్ని కాల్చి సున్నముచేయబడెను. అవి సున్నపురాతి పలకలగుటయే వానికి శాపమైనది. ఆ దినములలోనే కర్నల్ మెకంజీ అచ్చటికి వచ్చి చూచెను. ఆయన 1816లో మరల వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెరువుగుంట త్రవ్వబడియుండెను. ఆయన తన చిత్రకారులచే పలకలకు బొమ్మలు గీయించెను. వానిలో ఎన్నో పలకలు నేడు లేవు, ఆ కాగితముపై గీతలు మాత్రము మిగిలినవి.

ఇది విని జమీందారునే నిందించి ఊరకుందమా? తరువాతి కథ వినుడు. కొన్ని పలకలను మచిలీపట్నమునకు తీసికొనిపోయి అంగడివీధిలో దిబ్బచుట్టు అలంకారముగా నిలిపిరి. 1845లో వాల్టర్ ఇలియట్ దొర త్రవ్వించి ఎన్నో పలకలను మద్రాసునకు పంపెను. అవి అచ్చట ఎండకు వానకు ఏండ్లతరబడి పడియుండెను. 1859లో వానిని ఓడకెక్కించి లండనునకు పంపిరి. అచ్చటను అవి అనాదరముగా పడియుండగా 1867లో ఫెర్గుసన్ అను పండితుడు వానిని గుర్తించి వెలికిదీసెను. 1877లో సీవెల్ త్రవ్వించెను. 1880లో ప్రభుత్వమువారు దిబ్బనంతయు శుభ్రపఱచుడని ఉత్తరువిచ్చిరి. ఆ మఱుసటియేడు పురాతత్త్వశాఖకు చెందిన బర్జెస్ వచ్చి చూడగా చైత్యమున్నచోట పెద్ద గొయ్యి కనబడెను. మిగిలిన రాళ్లను ఉన్నచోటనే నిలిపి కాపాడవలెనని కోల్ అను అధికారి వాదించెను. ఆయన మాట నెగ్గలేదు. రాళ్లు మద్రాసునకు పోయెను.

జమీందారే పాడుచేసెనని దొరలు వ్రాసిరి. దొరలే ఎత్తుకొనిపోయిరని మనమందుము. రెండును సగము నిజములే. జమీందారునకు బుద్ధునిపై పగలేదు. ఆయనకు పట్టణము కట్టవలెను. దొరలకును పగలేదు, వారికి పురావస్తువులు కావలెను. దిబ్బను శుభ్రపఱచుడన్నవారికి శుభ్రతయే కావలెను. శత్రువొక్కడును రాకుండగనే మహాచైత్యము నశించెను. ప్రతివానికి మంచిపనియే యున్నది. ఆ రాతికి తన చోటున ఒక అర్థమున్నదని నిలిచి ఆలోచించినవారు తక్కువ. అంత దోచిన నేలయును ఇంకను ఇచ్చుచునేయున్నది. 1958-59లో పురాతత్త్వశాఖవారు క్రమపద్ధతిని త్రవ్వగా స్ఫటికపు ధాతుకరండములు బయల్పడెను.

మహాశయులారా! ఇది పరులపై చెప్పు కథగా ముగింపవలెనని నాకు లేదు. నా చిన్నతనమున మా ఊరి గుడివెనుక, తుమ్మచెట్టు క్రింద, అక్షరములున్న నిలువురాయి ఒకటుండెను. ఎవరును చదువలేకపోయిరి. క్రింద నిధియున్నదని కొందఱు, శాపమున్నదని కొందఱు అనుచుండిరి. ఒక వేసవిలో మా ఇంటి బావికి మెట్టు విరిగెను. మా పెద్దలు ఆ రాతిని తెప్పించి, సమ్మెటతో రెండుముక్కలు చేయించి, అక్షరముల వైపు క్రిందికి పెట్టించిరి. నీళ్లకుండతో నేనును దానిపై ఎన్నో ఏండ్లు నడచితిని. అందఱు దైవభక్తిగలవారే. ఎవరికిని దురుద్దేశము లేదు.

బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి అనువారు నెల్లూరుజిల్లా శాసనములను సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. పెద్దయైన పిమ్మట ఒక గ్రంథాలయములో ఆ సంపుటములు నా చేతబడెను. మా ఊరిపేరు వెదకితిని. ఆ రాయి అందుండెను. అది నిధిమాటయు గాదు, శాపమును గాదు. గుడిలో అఖండదీపము వెలుగుటకై ఒకరు గొఱ్ఱెలనిచ్చిన దానశాసనము. అది చదివినపుడు నాకు కలిగిన సిగ్గు నేటికిని పోలేదు. రాయి పోయినది, పుస్తకము మిగిలినది. ఆ పుస్తకమును ఎవరో ఒక గ్రంథపాలకుడు చెదలు పట్టకుండ కాచినందువలననే నాకు ఆ మాట దక్కినది.

కనుక ఈ గ్రంథాలయమునకు నా మనవి మూడు విషయములు. మొదటిది, చుట్టుపట్ల ఊళ్లలోనున్న శాసనములు, వీరగల్లులు, పాతవిగ్రహములు ఎక్కడెక్కడున్నవో ఒక పుస్తకమున వ్రాయుడు. కొలతలు, ఛాయాచిత్రము, తేదీ చేర్చుడు. పిల్లలు సెలవులలో చేయదగిన పని యిది. రెండవది, అక్షరములపై సున్నము, రంగు, నూనె పూయనీయకుడు. రాతిని ఉన్నచోటనే ఉంచుడు. చోటు మారిన రాయికి సగము నోరు పోవును. మూడవది, త్రవ్వునపుడు నాణెములో విగ్రహములో దొరకిన దాచకుడు. 1878నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము పదిరూపాయల విలువకు మించినదానిని గూర్చి కలెక్టరుగారికి తెలుపవలెను. భయపడి కరగించినవాని కంటె తెలిపినవానికే గౌరవము.

తిక్కనగారిని గూర్చి వాదించుకొనుటకు మనకు తీరికయున్నది. ఆయన కాలపు రాతిని కడిగి చదువుటకు తీరిక లేకపోవుట తగునా? వాదమున గెలిచిన పక్షమేదైనను, రాయి పోయినచో ఇరుపక్షములకును సాక్ష్యము పోవును.

బయ్యల వెలిగించిన దీపము ఆరి ఎన్నో శతాబ్దములైనది. ఆమె పేరు మాత్రము ఆ స్తంభము విఱుగకుండుటచే నేడు మన ఊరివఱకు వచ్చినది. ఇరువదియైదేండ్లుగా మీరు పుస్తకములను కాచితిరి. రానున్న ఇరువదియైదేండ్లలో మన రాళ్లను కూడ కాచి, స్వర్ణోత్సవమునాటికి ఆ జాబితాను ఇదే వేదికపై చదివి వినిపించెదరుగాక!